పడనోళ్ళు పట్టిన తాడు

భీమయ్య చెప్పులు బయటే విడిచి లోపలికి వచ్చి కూర్చున్నాడు. చెప్పులు విడవమని ఖమ్మంలోని ఆ వెబ్‌సైట్ల ఆఫీసులో ఎవరూ చెప్పలేదు. తళతళలాడే నేలను చూసి తనంతట తనే విడిచాడు. బెంచీ చివర, గోడకు వీపు ఆనించకుండా, ఒడిలో గుడ్డసంచీ పెట్టుకుని కూర్చున్నాడు. లోపలి గది తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి నిలబడుతున్నాడు. అది మూసుకోగానే మళ్ళీ కూర్చుంటున్నాడు.

అదే బెంచీ మీదున్న శ్యామలకు అది చూడబుద్ధి కాలేదు. అట్లాగని చూపు తిప్పుకోనూ లేకపోయింది.

"ఎవరి కోసం వచ్చినవ్ తాతా?" అని మెల్లగా అడిగింది.

"రవీందర్ సారు కోసం బిడ్డా. మాది ఏన్కూరు దిక్కు. వెదురుబుట్టల సంఘం. మాకు సారే వెబ్‌సైటు చేసిచ్చిండు. అండ్ల మా ఫోన్ నంబరు మార్పియ్యాలె. పాత ఫోను వాగుల పడ్డది."

"నంబరు మార్చుడు ఎంతసేపు? మీ ఊర్లనే ఎవలన్నా మార్చొచ్చు గద."

"మా మనుమరాలు గూడ గదే అన్నది. దాని తాళం సారు కాడనే ఉంటదట. వచ్చినప్పుడల్లా రేపు రమ్మంటరు. బుట్టలు కొనేటోళ్ళు పాత నంబరుకే చేస్తరు. అదేమో వాగుల మోగుతది." చెప్పి తనే నవ్వాడు భీమయ్య. నవ్వుతూ తలుపు వైపు చూశాడు.

పక్కన కూర్చున్న గంగక్క ఇదంతా వింటూనే ఉంది. గంగక్క ఇప్పలగుంపు తేనె సంఘానికి పెద్ద. ఇప్పలగుంపు బూర్గంపాడు దాటి అడవి అంచున ఉన్న చిన్న కోయగూడెం, అక్కడివాళ్ళ మాటలో గుంపు. హైదరాబాదులో ఒక తేనె దుకాణం వాళ్ళు సరుకు నేరుగా సంఘం దగ్గరే కొంటామన్నారు. కాకపోతే ఏ తేనె, ఏ అడవిది, ఎవరు తీశారు అన్నది తమ గిరాకీలు చూసుకునేటట్టు ఒక వెబ్‌సైటు ఉండాలన్నారు. అందుకే ఈ రాక. శ్యామల సంఘంలో కంప్యూటరు ఆపరేటరు. కొలువు సైటు లేచేదాకానే. తరవాత ఎవరిని ఉంచుకోవాలన్నది సంఘం చూసుకుంటుంది. పదో తరగతి పాసైన యశోద ఆ కొలువు మీద కన్నేసిందని ఊరంతటికీ తెలుసు. అందరికన్నా ఎక్కువ శ్యామలకు తెలుసు.

రవీందర్ భీమయ్యను దాటేసి వీళ్ళనే ముందు పిలిచాడు. "కూర్చోండమ్మా" అని కుర్చీలు లాగాడు. టీ తెప్పించాడు. తెర మీద తేనెరంగు పేజీ విప్పి చూపించాడు. ఓ మూల తేనెటీగ రెక్కలాడిస్తూ ఉంది. గంగక్క ముందుకు వంగి ఆ ఈగనే చూసింది.

"ఇది మా సొంత ఫ్రేమ్‌వర్క్ మీద చేసిందమ్మా. ఖమ్మంలో ఇంకెవరి దగ్గరా లేదు."

"అదేంది సారూ?"

"ఇల్లు కట్టేటప్పుడు ముందు గుంజలు, వాసాలు నిలబెడతరు గదా. అట్లనే వెబ్‌సైటుకు గుంజలు, వాసాలు. అవి సిద్ధంగ ఉంటే తడకలు కట్టుకునుడే. పని జల్దీ అయితది."

"గుంజలు మీరు పాతినా, ఇల్లు మాదే గద?"

"మీదే అమ్మా, మీదే" అన్నాడు రవీందర్. అంటూనే 'మా సరుకులు' అన్న చోట నొక్కాడు. తేనెరంగు మాయమైంది. తెల్లని తెర మీద సన్నగీతల పెట్టె, అందులో ముదురెరుపు అక్షరాల్లో ఒక ఇంగ్లీషు మాట వచ్చింది. డేటాబేసులో ఏదో తప్పు అని దాని అర్థం. రవీందర్ చెయ్యి ఎంత వేగంగా కదిలిందో, ఆ పెట్టె అంత వేగంగా పోయింది. "నెట్ స్లో ఉంది" అన్నాడు.

నెట్ నిదానమైతే తప్పు డేటాబేసులో ఎందుకుంటుంది? శ్యామల ఆ మాట నోట్లోనే ఉంచుకుంది. ఆమెకు పెద్దవాళ్ళ ముందు మాట ఒకపట్టాన రాదు. అయితే చూసింది మాత్రం ఒకపట్టాన మరవదు.

గంగక్క మంచినీళ్ళకని లేచి వెళ్ళాక రవీందర్ కుర్చీ కొంచెం దగ్గరికి జరుపుకున్నాడు. "శ్యామలా, సరుకుల పేజీ పాస్‌వర్డ్ నీకొక్కదానికే ఇస్త. ఇంకెవరికీ చెప్పకు. అది నీ దగ్గరున్నన్ని రోజులు నీ కొలువు ఎవరు తీస్తరు?"

ఆమె తల వంచుకుని చున్నీ కొసను వేలికి చుట్టుకుంది. ఆ మాట చెడ్డదని తెలుస్తూనే ఉంది. చెవికి మాత్రం తియ్యగా ఉంది.

బస్సు కొత్తగూడెం దాటాక గంగక్క నోరు విప్పింది. "ఈగ మంచిగున్నది."

"అవ్ అక్కా."

"ఆ ముసలాయన చెప్పులు బయట్నే ఉన్నయి, మనం వచ్చేటప్పుడు గూడ." ఆమె కిటికీ బయటికి చూస్తూ అంది. "నిన్ను పక్కకు పెట్టుకోని ఏమన్నా చెప్పిండా సారు?"

"ఏం చెప్పలే" అంది శ్యామల.

మర్నాడు శ్యామల ఇంకోచోట కూడా అడిగి చూద్దామని గోదారి వంతెన దాటి భద్రాచలంలో ఆసిమ్ అనే అతని నెట్ సెంటరుకు వెళ్ళింది. వంతెన మీద బస్సు నడిచినంతసేపూ ఆమె మనసులో ఒకటే లెక్క: రవీందర్‌ను నమ్మలేం, మరి ఈయన్ని నమ్మడమెట్లా? ఆసిమ్ తండ్రి రేడియోలు బాగుచేసేవాడు. ఆ దుకాణంలోనే ఇప్పుడు కంప్యూటర్లు వరసగా ఉన్నాయి. రేడియోల మరలు, వైర్లు ఇంకా పై అరల్లో డబ్బాల నిండా ఉన్నాయి. ఆసిమ్ అక్క షాకేరా జిరాక్సు మిషను దగ్గర కూర్చుంటుంది. ఆమె ఉండబట్టే శ్యామల లోపల అడుగుపెట్టింది.

ఆసిమ్ మాట్లాడే పద్ధతి రవీందర్ పద్ధతికి పూర్తిగా వేరు. ఏదీ బాగుందని అనడు. "చూడమ్మా, ఈ ఫ్రేమ్‌వర్కులల్ల రైల్స్ అని ఒకటున్నది. ముచ్చటగ ఉంటది. దాన్ని నడిపే సర్వరు మనసొంటోళ్ళకు దొరకదు. జాంగోది గూడ గదే కథ. మనకు అగ్గువకు దొరికేది పీహెచ్‌పీ నడిచే సర్వరు. అండ్ల గూడ కేక్ అని ఉన్నది, అది నేర్వాలంటే ఓపిక గావాలె. ఇగో, ఈ కోడ్‌ఇగ్నైటర్ చిన్నది. పేజీ తేలికగ వస్తది. దీన్ని ఎట్ల వాడాలన్న పుస్తకం దీంతోనే దిగుతది. నెట్ పోయినా చదువుకోవచ్చు."

"దీనికి ఎంత ఇయ్యాలె?"

"ఏం ఇయ్యొద్దు. ఎవరన్నా తీసుకోవచ్చు, విప్పి చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు."

శ్యామలకు నమ్మబుద్ధి కాలేదు. అడవిలో ఊరికే దొరికేదేదీ లేదు. ఇప్పపువ్వు ఊరికే రాలుతుంది గానీ, తెల్లారకముందే లేచి ఎలుగుబంటి కన్నా ముందు వెళ్ళాలి. ఊరికే ఇచ్చేవాడు ఏదో ఒకటి దాచుకునే ఇస్తాడు.

పైగా ఆసిమ్ తను కీబోర్డు ముట్టుకోడు. "నేను చెప్త, నువ్వు కొట్టు" అంటాడు. నేర్చుకోమంటున్నాడా, తన మీద మాట పడకుండా చూసుకుంటున్నాడా తెలియదు. సరుకుల పట్టీలో 'తేనె' అని కొట్టి దాచి, మళ్ళీ తెరిచి చూస్తే ఆ చోట ప్రశ్నగుర్తులు వరసగా నిలబడి ఉన్నాయి. తెలుగు అక్షరం ఒక్కటి లేదు.

"చూసిన్రా? మీది తెలుగు తీసుకుంటలేదు" అంది. గొంతులో తెలియకుండానే గెలిచినట్టు వచ్చింది.

"తీసుకుంటది. నీ పట్టీకి తెలుగు తెలువదు. పుస్తకంల డేటాబేస్ అన్న చోట చదువు."

ఆమె చదివింది. వేలు పెట్టి ఒక్కో ఇంగ్లీషు మాట కూడబలుక్కుంది. ఏ తీరు అక్షరాలు వస్తాయో చెప్పాల్సిన వరస ఒకటి ఉంది. అక్కడ మార్చి, పట్టీని కూడా మార్చి, మళ్ళీ కొట్టింది. తెర మీద 'తేనె' అని వచ్చింది. ఏత్వంతో సహా వచ్చింది. తన చేత్తో చేసింది కాబట్టి అది చిన్న సంగతిలా అనిపించలేదు.

ఆ మురిపెం ఎంతోసేపు నిలవలేదు. కరెంటు పోయి వచ్చింది. పేజీ మళ్ళీ తెరిస్తే తెల్లని తెర, సన్నగీతల పెట్టె, ముదురెరుపు అక్షరాలు. అదే పెట్టె. అదే మాట.

శ్యామల కుర్చీ వెనక్కి జరిగింది. "ఈ పెట్టె నేను ఖమ్మంల చూసిన. రవీందర్ సారు కాడ. మీరిద్దరు ఒక్కటేనా?"

జిరాక్సు మిషను ఆగిపోయింది. షాకేరా తల తిప్పి తమ్ముడి వైపు చూసింది.

ఆసిమ్‌కు కోపం రాలేదు, నవ్వూ రాలేదు. "ఆయన కాడ గూడ గిదే వచ్చిందా?" అన్నాడు. "నేను చెప్తే నమ్మవు. ఆ చివరి కంప్యూటరు మీద కూర్చో. నేను దగ్గరికి గూడ రాను. నువ్వే నెట్‌ల వెతికి దించుకో. నువ్వే విప్పు" అని లేచి వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాడు.

ఆ కోడ్‌ఇగ్నైటర్ ఏనాటికీ దిగేటట్టు లేదు. గీత కొంచెం నిండుతుంది, ఆగుతుంది. మధ్యలో లైను తెగింది. మళ్ళీ మొదలుపెట్టింది. షాకేరా చాయ్ తెచ్చి పక్కన పెట్టి, "తాగు బిడ్డా, అండ్ల ఏం కలపలే" అంది. శ్యామల చాయ్ తాగింది.

విప్పి చూస్తే ఎర్ర అక్షరాల పెట్టె దానితోపాటే దిగి ఉంది. 'తప్పులు' అని అర్థం వచ్చే పేరున్న ఫోల్డరులో పేజీలన్నీ మామూలు అక్షరాల్లో ఉన్నాయి. ఎవరైనా మార్చుకోవచ్చు. రవీందర్ పైన తన కంపెనీ పేరు తగిలించాడు, అడుగున ఈ పెట్టెను మార్చడం మరిచాడు. ఖమ్మంలో ఇంకెవరి దగ్గరా లేనిది, భద్రాచలంలో రేడియోల దుకాణంలో ఊరికే దిగింది.

"వాడుకుంటే తప్పు లేదు" అన్నాడు ఆసిమ్ గుమ్మంలోంచే. "నాదే అనుడు తప్పు. తాళమేసి నా కాడనే ఉంచుకుంట అనుడు ఇంకా తప్పు. అట్ల తాళాలు పడ్డోళ్ళు నా కాడికొస్తరు. నేను తియ్యలేక తిప్పి పంపిస్త. అందుకే నీతోనే కొట్టిస్తున్న."

ఆ వారమంతా ఆమె వంతెన దాటి వస్తూనే ఉంది. సరుకుల పేజీ నిలబడింది, ఫోటోల పేజీ నిలబడింది. చివరికి లోపలికి వెళ్ళి మార్పులు చేసేవాళ్ళ పేర్లు పెట్టే చోటు వచ్చింది. శ్యామల తన పేరు కొట్టింది. పాస్‌వర్డ్ పెట్టింది.

"రెండో పేరు?" అన్నాడు ఆసిమ్.

"వద్దు. నేనే చూసుకుంట."

ఆసిమ్ ఆమె ముఖంలోకి ఒకసారి చూసి, మోడెము లైట్ల వైపు తిరిగాడు.

సంఘం కూడేది తేనె వడకట్టే కొట్టంలో. పైకప్పు రేకులు ఎండకు చిటచిటమంటున్నాయి. వడకట్టు గుడ్డ కింది గిన్నెలోకి తేనె సన్నగా జారుతోంది. కంప్యూటరు కూడా అక్కడే ఉంటుంది. చీమలు పడతాయని దాని బల్ల కాళ్ళు నాలుగూ నీళ్ళు పోసిన చిప్పల్లో నిలబెట్టారు. ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని కోయమాటలో గలగలలాడుతున్నారు. గంగక్క చెయ్యెత్తితే ఆగారు.

యశోద బల్లకు ఆ కొసన కూర్చుంది. వాళ్ళ ఇంటికీ శ్యామల ఇంటికీ పడదు. ఇద్దరి చేల గట్టు మీద ఒక ఇప్పచెట్టుంది. పువ్వు ఎటు రాలితే అటువాళ్ళది అని ఒకరంటే, చెట్టు మొదలు ఎటుంటే అటువాళ్ళది అని ఇంకొకరంటారు. అప్పటినుండి ఎదురుపడితే నేరుగా మాట్లాడుకోరు. మూడో మనిషి మీద పెట్టి మాట్లాడుకుంటారు.

శ్యామల లేచి, చూసిందంతా చెప్పింది. మొదట గొంతు లేవలేదు. "గట్టిగ చెప్పు పిల్లా, తేనె గూడ విననీ" అని వెనక నుండి ఎవరో అంటే అందరూ నవ్వారు. దాంతో బెరుకు కొంచెం వదిలింది. ఎర్ర అక్షరాల పెట్టె సంగతి చెప్పింది. భీమయ్య సంగతి చెప్పింది. రెండు చోట్లా గుంజలు ఒక్కటేననీ, తేడా తాళంలోనే ఉందనీ చెప్పింది.

"చెప్పేటోళ్ళు మంచిగనే చెప్తున్నరు" అంది యశోద, గంగక్కను చూస్తూ. "రవీందర్ సారు మొన్న నాకు ఫోన్ చేసిండు. పాస్‌వర్డ్ నీకొక్కదానికే ఇస్త, కొలువు నీకే ఉంటదన్నడు. నేనేమో ఆలోచించి చెప్త అన్న. నేను చెప్పిన. ఇంకెవలకన్న గట్ల చెప్పిండేమో, వాళ్ళు చెప్తలేరు."

అందరి కళ్ళూ శ్యామల మీద వాలాయి. చిప్పలో నీళ్ళ అంచున ఒక చీమ తిరుగుతోంది. ఆమె దాన్నే చూస్తూ నిలబడింది.

"నాకు గూడ చెప్పిండు వదినె" అంది. యశోద ముఖంలోకే చూసి అంది. "అవే మాటలు. నీకొక్కదానికే అని."

యశోద నోరు కొంచెం తెరుచుకుంది. తరవాత ముక్కుతో నవ్వింది. "ఇద్దరికి ఒక్క పెండ్లికొడుకును చూపిచ్చిండన్నట్టు."

నవ్వు కొట్టమంతా పాకింది. ఒక్క గంగక్క నవ్వలేదు. "సరే, ఖమ్మం ముచ్చట ఒడిసింది. భద్రాచలం పిలగాడు చెప్పినట్టే నిలబెట్టుకుందాం" అంది. "అయితే శ్యామలా, ఇప్పుడు ఆ తాళం ఎవరి కాడున్నది?"

"నా కాడ."

"ఇంకెవరి కాడ?"

"నేనొక్కదాన్నే... పోగొట్టను అక్కా. మంచిగ చూసుకుంట."

"నువ్వు మంచిదానివే." గంగక్క గొంతు పెంచలేదు. "నీకు జరమొస్తే? నువ్వు పెండ్లి చేసుకోని పోతే? మాకు కోపమొచ్చి నిన్ను ఏమన్నా అంటే? అప్పుడు మేం చెప్పులిడిచి నీ వాకిట్ల కూర్చోవాల్నా?"

గంగక్క చేతికంటిన తేనెను గిన్నె అంచుకు రాసి అంది. "మనోళ్ళు గుట్ట మీది తేనెపెరకు తాడు కట్టుకోని దిగేటప్పుడు, పైన ఆ తాడు ఎవరు పట్టుకుంటరు? చెప్పు."

అది గుంపులో చిన్నపిల్లలకు కూడా తెలుసు. "పడని ఇండ్లోళ్ళు."

"ఎందుకు?"

వెనకనుండి ఒక ముసలామె చెప్పింది. "ఒకరినొకరు నమ్మినోళ్ళు పట్టుకుంటే, వాడున్నడు గదా అని వీడు, వీడున్నడు గదా అని వాడు కునుకు తీస్తరు. పడనోళ్ళు పట్టుకుంటే ఎవని కన్నూ తాడు మీదికెళ్ళి తొలగదు."

"ఈ ఊర్ల మీ రెండిండ్ల కన్నా పడనోళ్ళు ఎవరున్నరు?" అంది గంగక్క. "కొలువు ఇద్దరిది. ఒక వారం నువ్వు, ఒక వారం ఆమె. ఎవరి తాళం వాళ్ళకు. ఎవరు ఏం మార్చిన్రో వాళ్ళ పేరు కింద పడాలె. అట్ల చెయ్యొస్తదా దాంట్ల?"

చెయ్యొస్తుంది. ఆ ఒక్క వరస ఎక్కడ రాయాలో ఆమెకు తెలుసు. రాదు అని చెప్పినా అక్కడ పట్టుకునేవాళ్ళు లేరు. ఆ సంగతి కూడా తెలుసు.

"వస్తది" అంది శ్యామల. సగం కొలువు ఆ మాటతోనే పోయింది.

యశోదకు నేర్పడం పండగేమీ కాలేదు. ఆమె ప్రతిదానికీ "ఎందుకు?" అంటుంది. శ్యామల జవాబు చెబితే "నిజంగనా?" అంటుంది. పుస్తకంలో చూపించేదాకా వదలదు. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు కొంగు కీబోర్డు మీద కప్పుకుని కింద వేళ్ళు ఆడిస్తుంది. శ్యామల తన వంతు రాగానే, యశోద ముందు వారంలో ముట్టుకున్న పేజీలన్నీ తెరిచి చూసుకుంటుంది. యశోదా అదే చేస్తుందని ఆమెకు తెలుసు. హైదరాబాదు దుకాణం మొదటి సరుకు తీసుకుపోయింది. అది ఎవరి వారంలో అన్నదాని మీద కూడా ఒక పూట వాదన నడిచింది.

ఒకనాడు పొద్దున శ్యామల కంప్యూటరు తెరిచేసరికి తను రాసిన తేనె పేజీ రెండుగా చీలి ఉంది. కింద 'మార్చినవారు: యశోద' అని ఉంది. ఆమెకు ఒళ్ళు మండింది. వారం తనది, పేజీ తనది. యశోద గిన్నెలు కడుగుతుంటే వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"నా పేజీ ఎందుకు ముట్టుకున్నవ్ వదినె?"

"తప్పున్నది కాబట్టి." యశోద చేతులు తుడుచుకుంటూ లేచింది. "పుట్టతేనె, పెద్దపెర తేనె ఒక్క పేరు కిందనే పెట్టినవ్. రెండూ ఒక్కతీరుగ ఉంటయా? కొన్నోడు ఒకసారి నల్లగ, ఒకసారి ఎర్రగ వచ్చిందని తిరిగి పంపిస్తె మొత్తం గుంపుకే చెడ్డపేరు. రాత్రే చెప్పేదాన్ని. నీ మొఖం చూసి చెప్పబుద్ధి కాలే."

శ్యామల తిరిగి వచ్చి బల్ల ముందు కూర్చుంది. మొదటి పేజీ చదివింది, రెండోది చదివింది. బరువులు చూసింది. ఊరి పేర్లు చూసింది. ఎక్కడో ఒకచోట తప్పు దొరక్కపోతుందా అని అక్షరాల్లో దీర్ఘాలు కూడా చూసింది.

యశోద వచ్చి వెనక నిలబడింది. "తప్పేమన్న దొరికిందా?"

"లే."

"ఇంకోసారి చూడు. నీది నేను రెండుసార్లు చూసినంకనే మార్చిన."

శ్యామల పేజీని మళ్ళీ పైకి జరిపి మొదటి అక్షరం నుండి చదవడం మొదలుపెట్టింది. ఆమె నిజంగానే చదువుతోందా, చదివినట్టు నటిస్తోందా అని యశోద పక్కకు వంగి ఆమె కళ్ళనే చూస్తూ ఉంది.